జీతం రాకముందే వచ్చిండ్రు: బిజ్బీ, టూంబ్‌స్టోన్‌ల మూడు రోజులు

మొదటి రోజు, శనివారం

మా బాపు ఇండియా నుంచి వచ్చి మూడు నెలలైంది, మనవరాలు పుట్టింది కాబట్టి అమ్మకి చేతినిండా పనే, బాపుకి మాత్రం ఏం పని లేదు, పొద్దున లేచి కమ్యూనిటీ చుట్టూ నాలుగు రౌండ్లు కొట్టుడు, మెయిల్ బాక్సుల కాడ ఇంకో ఇద్దరు తెలుగు నాన్నలతో నిలబడి ముచ్చట పెట్టుడు, అంతే. గ్రాండ్ కాన్యన్‌కి తీస్కపోతే పది నిమిషాలు చూసి "పెద్ద ఓపెన్ కాస్ట్ లెక్క ఉంది" అన్నడు, ఓపెన్ కాస్ట్ అంటే భూమి పైనుంచే తవ్వే గని. ముప్పై నాలుగేండ్లు సింగరేణిల చేసి గోదావరిఖనిల మైనింగ్ సర్దార్‌గా రిటైరైన మనిషికి నేను కాన్యన్ చూపిస్తున్న, తప్పు నాదే. అందుకే ప్రెసిడెంట్స్ డే లాంగ్ వీకెండ్ వస్తుంటే ఈసారి బాయి, అంటే గని, ఉన్న ఊరికే పోదాం అని మా అరిజోనాలనే పాత రాగి గనుల ఊరు బిజ్బీ ఫిక్స్ చేసిన. మా ఇంటామె కూడా "మీరిద్దరు పోండి, మాకూ ప్రశాంతం" అన్నది.

ఫీనిక్స్ పక్కన మేముండే చాండ్లర్ నుంచి ఐ-10 హైవే ఎక్కి టూసాన్ దాటి బెన్సన్ కాడ దిగి 80 నంబర్ హైవే పట్టుకుంటే మూడు గంటల పైన పడ్తది. దారంతా ముండ్ల చెట్లు, దూరంగ గుట్టలు, చెప్పుకునేంత ఏం లేదు. బాపు సకినాలు నములుకుంట కిటికీల నుంచి చూస్తూ "ఈడ బతకనీకి ఎవడొస్తడు రా" అన్నడు, రాగి ఉంటే వస్తరు బాపు అన్న. టూంబ్‌స్టోన్ మధ్యలనే తగిలింది కానీ ఆగలేదు, అది సోమవారానికి పెట్టుకున్నం.

టూంబ్‌స్టోన్ నుంచి ఇంకో నలభై కిలోమీటర్లు పోతే మ్యూల్ పాస్ టన్నెల్ వస్తది, 1958ల కట్టింది, అటు చివర బయటికి రాంగనే ఒక్కసారిగ కింద లోయల ఊరు. గుట్టలకి ఇండ్లు అంటించినట్టు ఉంటయి, ఒకరి ఇంటి కప్పు ఇంకొకరి గడప లెవెల్ల, మధ్యల మెట్లు, మెట్లు, మెట్లు. మేము తీసుకున్న రూముకి కూడా అరవై మెట్లు ఎక్కాలని బుక్ చేసేటప్పుడు నేను సరిగ చదవలేదు, బాపు మోకాళ్లు పట్టుకుని ఎక్కిండు పాపం, ఎక్కినంక మాత్రం "మన ఇంక్లైన్ (బాయిలకి దిగే ఏటవాలు దారి) కంటే నయమే" అని ఒక సర్టిఫికెట్ ఇచ్చిండు. ఊరు 5,500 అడుగుల ఎత్తుల ఉంది, ఫిబ్రవరిల పొద్దు గూకంగనే చలి మామూలుగ కొట్టదు.

ఏడు గంటలకి మెయిన్ స్ట్రీట్ల నడిచినం. ఆ టైం కావాలనే పెట్టుకున్న, ఎందుకంటే నేను బాపుకి ఈ ఊరి కథ చెప్పాలనుకున్నది అక్కడనే, ఆ టైంకే. ఇప్పుడు అక్కడ ఆర్ట్ గ్యాలరీలు, పాత సామాన్ల షాపులు, కాఫీ, ఒక షాపు ముందట ఎవరో గిటార్ వాయిస్తుండు. 1883 డిసెంబర్ 8న, అది కూడా శనివారమే, ఇదే వీధిల గోల్డ్‌వాటర్ అండ్ కాస్టనేడా అని ఒక కిరాణం, అంటే మనం అనుకునే కిరాణం కాదు, పిండి, బట్టలు, గడ్డపారలు, మందుగుండు అన్నీ దొరికే పెద్ద దుకాణం. ఊరు పుట్టి మూడేండ్లు, బ్యాంక్ లేదు. ఊళ్లె గట్టి ఇనుప పెట్టె ఉన్నది ఈ దుకాణంలనే కాబట్టి కాపర్ క్వీన్ మైన్ జీతాల డబ్బు కూడా ఇక్కడికే వచ్చేది, జీతాల దినానికి ఒకటి రెండు రోజుల ముందుగాల బండి మీద. ఆ నెల జీతాలు ఏడు వేల డాలర్ల దాకా అని చెప్తరు. (ఆ గోల్డ్‌వాటర్ అంటే 1964ల అమెరికా ప్రెసిడెంట్ ఎలక్షన్ల ఓడిపోయిన బ్యారీ గోల్డ్‌వాటర్‌కి తాత తమ్ముడు జోసెఫ్, మన ఫీనిక్సోళ్లకి ఆ పేరు రోజూ ఏదో ఒక బిల్డింగ్ మీద కనపడ్తనే ఉంటది.)

ఆ రాత్రి ఇదే టైంకి ఐదుగురు దొంగలు గుర్రాల మీద వచ్చిండ్రు. డాన్ డౌడ్, రెడ్ సాంపుల్, డాన్ కెల్లీ, బిల్లీ డెలానీ, టెక్స్ హోవార్డ్. కొందరు లోపలికి పోయిండ్రు, కొందరు రైఫిళ్లు పట్టుకుని బయట కాపలా. మొఖాలకి గుడ్డలు కట్టుకున్నరు, ఒక్క టెక్స్ హోవార్డ్ మాత్రం కట్టుకోలేదు, ఎందుకో మరి, దొంగతనానికి పోయెటోడు మొఖం చూపించుకుంట పోతడా? ఇనుప పెట్టె తెరిపిస్తే జీతాల డబ్బు లేదు. బండి ఇంకా రాలేదు. గంత దూరం వచ్చి, గంత ప్లాన్ వేసి, రోజు తప్పిండ్రు. ఉన్న కాడికి ఊడ్చుకున్నరు, వెనక రూముల ఒంట్లో బాగలేక పండుకున్న కాస్టనేడా తలగడ కింద దాచుకున్న పైసలు కూడా లాక్కున్నరని చెప్తరు. మొత్తం 800 డాలర్లు అనెటోళ్లు ఉన్నరు, 3,000 అనెటోళ్లు ఉన్నరు, బంగారు గడియారం కూడా పోయింది.

లోపల ఎవ్వరినీ చంపలేదు. చచ్చిపోయింది అంతా బయటోళ్లే. పక్కనే సారా దుకాణంల నుంచి టాపినియర్ అనే ఆయన, రాయిల ఎంత లోహం ఉందో పరీక్ష చేసే అస్సేయర్, బయటికి వచ్చిండు, లోపలికి పో అంటే పోలేదు, కాల్చేసిండ్రు. ఎదురుంగ బిజ్బీ హౌస్ అనే హోటల్ల భార్యతోని కూసొని తింటున్న టామ్ స్మిత్ అనే డిప్యూటీ షెరీఫ్ చప్పుడు విని బయటికి ఉరికి నేను పోలీసుని అన్నడు, ఆయన్ని కాల్చేసిండ్రు. ఆ హోటల్ నడిపే ఆనీ రాబర్ట్స్ ఏమైందో అని తలుపు కాడికి వచ్చింది, తూటా తగిలింది, ఆమె కడుపుతోని ఉండె. నాలీ అని సరుకుల బండ్లు నడిపే ఆయనకి ఛాతీల తగిలి తర్వాత పోయిండు. అంతా కలిపి ఐదు నిమిషాలు కూడా పట్టలేదంటరు.

నేను ఇదంతా వీధి మధ్యల నిలబడి చేతులు ఊపుకుంట చెప్తున్న, ఇక్కడ దుకాణం, అక్కడ హోటల్ అని. బాపు ఏం మాట్లాడలేదు. వీధి వెడల్పు అడుగులతో కొలుస్తుండు. అటు నుంచి ఇటుకి నడిచి వచ్చి "ఇరవై అడుగులు కూడ లేదు రా, గింత దగ్గర నుంచి ఆడమనిషని కనపడదా" అన్నడు. తర్వాత "ఈ ముచ్చట మీ అమ్మకి చెప్పకు, ఇంట్ల పసిపిల్ల ఉంది" అన్నడు. తిరిగి మెట్లు ఎక్కేదాక ఇంకేం అనలేదు.

రెండో రోజు, ఆదివారం

పొద్దున కాపర్ క్వీన్ మైన్ టూర్. ఇది బాపు రోజు. మైన్ 1975ల బంద్ అయింది, తెల్లారి సంవత్సరం నుంచి టూర్లు మొదలైనయి. హెల్మెట్, పసుపు కోటు, క్యాప్ ల్యాంప్ ఇచ్చిండ్రు, మెడకి వేసుకునే ఇత్తడి టోకెన్ కూడా, నంబర్ కొట్టి. ఆ టోకెన్ చేతుల పడంగనే బాపు మొఖం మారిపోయింది. మాకు కూడా గిట్లనే అని మొదలుపెట్టిండు, టోకెన్ ఇస్తే ల్యాంప్ ఇచ్చేటోళ్లు, షిఫ్ట్ దిగినంక బోర్డు మీద టోకెన్ ఉండిపోయిందంటే ఒక మనిషి ఇంకా బాయిలనే ఉన్నట్టు, ఇంటికి ఎవ్వడూ పోడు.

చిన్న రైలు మీద గుర్రం ఎక్కినట్టు అటో కాలు ఇటో కాలు వేసి కూసోవాలె, లోపలికి 1,500 అడుగులు. లోపల ఏడాది పొడుగునా 47 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కల ఎనిమిది సెల్సియస్. బాపుకి మొదటి ఆశ్చర్యం అదే, బాయి అంటే ఉక్కపోత, చెమట అని తెలిసిన మనిషికి లోపల చలి. గైడ్ కూడా బాయిల చేసిన పెద్దమనిషే, డ్రిల్లింగ్ గురించి, రాయి పేల్చనీకి మందుగుండు పెట్టే వరస గురించి చెప్తుంటే నేను తెలుగుల చెప్పబోయిన, బాపు చెయ్యి అడ్డం పెట్టి "తెలుస్తుంది ఊకో" అన్నడు. ఒకచోట కప్పుకి చెక్క దూలాలు పెట్టి ఉన్నయి, అందరు ముందుకు పోయినంక బాపు ఆగి వేలి కణుపుతోని దూలం మీద రెండుసార్లు, పక్కన రాయి మీద రెండుసార్లు కొట్టిండు, చెవి దగ్గర పెట్టి విన్నడు. సర్దార్ పని అదే, కర్రతోని రూఫ్ తట్టి చప్పుడుని బట్టి గట్టిగ ఉందా గుల్లగ ఉందా చెప్పుడు. గైడ్ వెనక్కి తిరిగి చూసిండు, ఏం అనలేదు, హెల్మెట్ మీద చెయ్యి పెట్టి చిన్నగ సెల్యూట్ లెక్క చేసిండు. ఈ ట్రిప్‌ల నాకు బాగా గుర్తుండేది అదే.

బయటికి వచ్చినంక పార్కింగ్ కాడికి వచ్చి చూస్తే నా జేబుల ఇంకా టోకెన్ ఉంది. నేను మర్చిపోయిన. బాపు తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను, ఉరికిచ్చి మళ్లీ లోపలికి పంపి ఇప్పిచ్చిండు.

తర్వాత లావెండర్ పిట్. పేరు చూసి ఊదా రంగు అనుకున్న, కాదు, హారిసన్ లావెండర్ అని ఒక మైన్ మేనేజర్ పేరు. 900 అడుగుల లోతు, 1974ల ఆపేసిండ్రు, గోడలు ఎరుపు, గోధుమ, ఆకుపచ్చ కలిసిపోయి ఉంటయి. కాన్యన్ కాడ పది నిమిషాలు ఉన్న మనిషి ఈడ కంచె పట్టుకుని గంట నిలబడ్డడు. గోడలకి మెట్ల లెక్క కోసిన బెంచీలు లెక్కబెట్టిండు, డంపర్ పోయే రోడ్డు ఎక్కడ నుంచి ఎక్కడికి పోయి ఉంటదో వేలితో గీసి చూపించిండు.

మధ్యాహ్నం మ్యూజియం, పాత కంపెనీ ఆఫీసుల పెట్టిండ్రు, 1897 బిల్డింగ్. అక్కడ బాపు ఎక్కువ సేపు ఆగింది 1917 డిపోర్టేషన్ ముచ్చట కాడ, జూలై 12న సమ్మె చేస్తున్న 1,200 మంది దాక కార్మికుల్ని తుపాకులు పెట్టి పశువుల రైలు డబ్బాల ఎక్కించి న్యూ మెక్సికో ఎడారిల దింపేసి వచ్చిన కథ. అది ఇంకో పెద్ద కథ, ఇక్కడ మొదలుపెడితే ఆగదు.

రాత్రి రూముల పులిహోర తినుకుంట బాపే దోపిడీ ముచ్చట తీసిండు. "నాకు ఒకటి అర్థమైతలేదు. జీతం పైసలు ఏ దినం వస్తయో బయటోనికి ఎట్ల తెలుస్తది?" అని. తను చెప్పింది ఏందంటే, పాత రోజుల్ల జీతం నగదుగనే ఇచ్చేటోళ్లు, బ్యాంక్ నుంచి పెట్టె వస్తుంటే వెనక తుపాకులతోని గార్డులు, జీతం దినం ఊరంతటికి తెలుసు, గేటు కాడ అప్పులోళ్లు, కల్లు దుకాణపోళ్లు, బట్టలమ్మెటోళ్లు అందరూ నిలబడి ఉంటరు, కానీ పెట్టె ఏ టైంకి, ఏ దారిన వస్తదో మాత్రం ముగ్గురు నలుగురికే తెలుసు. "గందుకే ఎవడో ఊరోడే చెప్పి ఉంటడు, అది కూడా సగం తెలిసినోడు. మొత్తం తెలిసినోడైతే రోజు తప్పకపోవు."

నేను ఇంకా జాన్ హీత్ గురించి చెప్పనే లేదు! అప్పుడే ఊళ్లె కొత్తగ డాన్స్ హాల్ తెరిచిన మనిషి హీత్. దొంగల్ని పట్టుకోనీకి షెరీఫ్ మనుషులు బయలుదేరితే తనూ వస్త అని వాళ్లతో కలిసిండు, జాడలు ఇటు కాదు అటు పోయినయి అని తప్పు దారి పట్టించిండని డిప్యూటీ బిల్లీ డానియల్స్‌కి అనుమానం వచ్చింది. దారిల ఒక రాంచ్ మనిషి, ఈ ఐదుగురు ముందుగాల నా కాడ ఉండిపోయిండ్రు, వాళ్లతో హీత్ కూడా ఉండె అని చెప్పిండు. ఇంకేముంది. బాపు విని "సూసినవా" అన్నడు అంతే, పులిహోర మీదికి పోయిండు.

మూడో రోజు, సోమవారం

టూంబ్‌స్టోన్ అంటే అందరికి పోలీసులకి, కౌబాయ్ ముఠాకి నడుమ జరిగిన ఓకే కోరల్ కాల్పులే, 1881 అక్టోబర్ 26. కౌబాయ్ డ్రెస్సులు వేసుకుని వీధిల డప్పుకొట్టినట్టు టికెట్లు అమ్ముతుంటరు, బాపు ఒకనితోని ఫోటో దిగిండు, అక్కడికి చాలు. మేము పోయింది టఫ్‌నట్ స్ట్రీట్ల కోర్ట్‌హౌస్‌కి, 1882ల కట్టిన ఎర్ర ఇటుకల బిల్డింగ్, ఇప్పుడు స్టేట్ పార్క్. వెనక పెరట్ల ఉరికొయ్య ఉంది, తర్వాత పెట్టిన నమూనా.

ఐదుగురూ ఒక్కొక్కరుగ దొరికిండ్రు. క్లిఫ్టన్ దిక్కు ఇద్దరు, అందులో ఒకడు దుకాణంల కొట్టేసిన గడియారం తనకి నచ్చిన ఆడమనిషికి ఇచ్చిండని, దాంతోనే దొరికిండని చెప్పుకుంటరు. కెల్లీ న్యూ మెక్సికోల డెమింగ్ కాడ, డౌడ్, డెలానీ ఇద్దరు మెక్సికోల. గుర్రాల మీద సరిహద్దు దాటిపోయి పట్టుకొచ్చుడు అంటే డానియల్స్‌ని మెచ్చుకోవాలె. 1884 ఫిబ్రవరిల ఐదుగురికి ఉరిశిక్ష పడింది. హీత్ కేసు వేరేగ నడిపిండ్రు, ఆయన తుపాకి పట్టలేదు, అక్కడ లేడు, జ్యూరీ సెకండ్ డిగ్రీ మర్డర్ (ఒక మెట్టు తక్కువ హత్యానేరం) అన్నది, ఫిబ్రవరి 21న యావజ్జీవం, యూమా జైలు.

బిజ్బీ వాళ్లకి అది సరిపోలేదు. 22 పొద్దున్నే గుంపుగ గుర్రాల మీద వచ్చి, ఈ పొద్దున మేము కార్ల వచ్చిన దారే, జైలు తలుపు కొట్టి హీత్‌ని బయటికి గుంజుకొచ్చి టఫ్‌నట్ వీధిలనే కిందికి తీస్కపోయి టెలిగ్రాఫ్ స్తంభానికి ఉరితీసిండ్రు. చచ్చినంక నా శవం మీద కాల్చకండి అని మాత్రం అడిగిండట. ఆ ఫోటో ఉంది, స్తంభానికి ఏలాడుతున్న మనిషి, కింద టోపీలు పెట్టుకుని నిలబడ్డ జనం, ఒకడు స్తంభం మీదికి ఎక్కి ఉన్నడు.

తర్వాత ఎట్ల చచ్చిండో రాయాల్సింది డాక్టర్ జార్జ్ గుడ్‌ఫెలో. ఆయన రాసింది ఏందంటే ఊపిరితిత్తుల్ల గాలి చిక్కుకుని ఉబ్బే ఎంఫిసీమాతోని చనిపోయిండు, అది గొంతు బిగుసుకోవడం వల్ల వచ్చి ఉండొచ్చు, తనకు తాను చేసుకున్నదో ఇంకోలాగనో. ఊరంత చూస్తుండంగ జరిగిన దానికి ఒక్క మనిషి పేరు కూడా లేదు. పక్కన నిలబడ్డ టూరిస్టులు దీనికి నవ్విండ్రు, నేను కూడా నవ్విన నిజం చెప్పాలంటే. బాపుకి తెలుగుల చెప్తే నవ్వలేదు. "బాయిల మనిషి చచ్చిపోతే కూడ గిట్లనే రాస్తరు, తన నిర్లక్ష్యం వల్లనే అని" అన్నడు. నాకు ఏం చెప్పాల్నో తెల్వలే. ఈ డాక్టర్ అప్పట్ల తూటా గాయాల ఆపరేషన్లకి చాలా పేరున్న సర్జన్, తెలియక రాసింది కాదు మరి.

మార్చి 28న ఐదుగురిని ఒకేసారి, ఒకే కొయ్య మీద. దానికి ముందు ఒక మనిషి పక్కన గ్యాలరీ కట్టి సీట్లకి టికెట్లు అమ్ముకున్నడు, సినిమా లెక్క. అదే ఊళ్లె హోటల్ నడిపే నెల్లీ కాష్‌మన్ అనే ఐరిష్ ఆమెకి మండింది, మైనర్లని కొందర్ని పోగు చేసి రాత్రికి రాత్రే ఆ గ్యాలరీ పీకించేసింది. ఉరి అయినంక శవాల్ని మెడికల్ కాలేజీకి ఎత్తుకపోతరని తెలిసి బూట్‌హిల్ల సమాధుల కాడ పది రాత్రులు కాపలా కూడా పెట్టించిందట. బిజ్బీల ఒక హోటలామె తలుపు కాడ చచ్చిపోయింది, ఈడ ఇంకో హోటలామె చంపినోళ్లకి కాపలా కాసింది. బాపు ఈమె పేరు రెండుసార్లు అడిగి మరీ పలికిండు, నెల్లీ కాష్‌మన్.

బూట్‌హిల్ ఊరి చివర, హైవే పక్కనే. గిఫ్ట్ షాపుల నుంచి లోపలికి పోవాలె. రాళ్ల కుప్పలు, చెక్క పలకలు, పలకలు పాతవి కావు, తర్వాత పెట్టినవే. ఐదుగురికి ఒకటే పలక, పేర్ల కింద "చట్టప్రకారం ఉరితీయబడ్డారు" అని, తేదీ మాత్రం మార్చి 8. ఇరవై ఎనిమిదిల రెండు ఎగిరిపోయింది. హీత్ పలక మీద కౌంటీ జైలు నుంచి తీస్కపోయి బిజ్బీ గుంపు లించ్ చేసింది, అంటే కోర్టుతో పని లేకుండ గుంపే చంపింది, అని సాఫ్‌గా రాసి ఉంది, డాక్టర్ రాయలేనిది చెక్క మీద రాసిండ్రు. ఆయన శవం అసలు టెక్సాస్‌కి ఇంటోళ్ల కాడికి పోయిందంటరు, అయినా పలక ఉంది, జనం ఫోటోలు దిగుతుండ్రు. ఆనీ రాబర్ట్స్ పేరు కోసం బాపు వరసలన్నీ తిరిగిండు. కనపడలేదు.

తిరుగు దారిల టూంబ్‌స్టోన్ దాటినంక బోర్డర్ పెట్రోల్ చెక్‌పాయింట్, బాపు పాస్‌పోర్ట్ నేను ముందే డాష్‌బోర్డ్ మీద పెట్టిన, చూసి ఎక్కడి నుంచి అన్నరు, బిజ్బీ అన్న, పంపేసిండ్రు, నిమిషం పట్టలే.

బెన్సన్ ఇంకా రానే లేదు, బాపు వాట్సాప్ల గోదావరిఖనికి కాల్ కలిపిండు. అక్కడ తెల్లారు జాము నాలుగున్నర, ఈ టైంకి ఎవరు లేస్తరు బాపు అంటే, మొదటి షిఫ్ట్ చేసినోళ్లు చచ్చేదాక గదే టైంకి లేస్తరు అన్నడు, నిజంగనే రెండో రింగుకే ఎత్తిండు దోస్తు. స్పీకర్ల పెట్టి మొత్తం కథ చెప్పిండు, దుకాణం, ఇనుప పెట్టె, రోజు తప్పుడు, డాన్స్ హాలోడు, ఉరి, టికెట్లు, నెల్లీ కాష్‌మన్. కడుపుతోని ఉన్నామె ముచ్చట మాత్రం చెప్పలేదు, నేను గమనించిన. అవతల నుంచి ఊ, ఊ అనుకుంట అంతా విని, కాసేపు ఆగి దోస్తు అడిగిండు.

"అదంతా సరే గనీ, మరి ఆ నెల కార్మికులకి జీతాలు ఎప్పుడిచ్చిండ్రు?"

బాపు నా దిక్కు చూసిండు. నేను రోడ్డు దిక్కు చూసిన.